వరద కన్నా ముందు కబురు

వేలూరు నుండి కాట్పాడికి వెళ్ళే దారిలో పాలారు నది మీద పొడవైన వంతెన ఉంది. సంవత్సరంలో ఎక్కువ నెలలు ఆ వంతెన కింద పారే నీరు కనిపించదు. ఇసుక, ముళ్ళపొదలు, అక్కడక్కడ సన్నని నీటి పాయలు మాత్రమే కనిపిస్తాయి. గుడియాత్తం పట్టణం మధ్యగా పోయే కౌండిన్య నది కూడా ఇటువంటిదే. మే నెల నడుమ గంగమ్మ శిరస్సు జాతర జరిగేటప్పుడు వేలాది జనం ఆ నది ఒడ్డునే గుమికూడతారు. ఇటువంటి నదులను రోజూ చూసేవారికి వరద అనే మాట ఎక్కడో గోదావరి తీరానికి, గంగా తీరానికి చెందినదిగా తోస్తుంది. పడవ అనే మాట అంతకన్నా దూరంగా తోస్తుంది.

కాని ఎండిన నది చచ్చిన నది కాదు. 2021 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున అది పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటి, పడమటి వైపు సాగింది. దాని దారిలో ఉన్న వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు, చిత్తూరు ప్రాంతాలలో కుండపోతగా వాన కురిసింది. అప్పటిదాకా ఇసుకమేటగా ఉన్న పాలారులో ఒడ్డు నుండి ఒడ్డు దాకా ఎర్రని నీరు పారింది. వాలాజా సమీపంలోని పాలారు ఆనకట్ట దగ్గర ప్రవాహం లక్ష క్యూసెక్కులు దాటింది.

క్యూసెక్కు అంటే ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు పారడం. ఒక ఘనపుటడుగులో సుమారు 28 లీటర్ల నీరు పడుతుంది. అంటే లక్ష క్యూసెక్కుల ప్రవాహంలో ప్రతి సెకనుకు 28 లక్షల లీటర్ల నీరు కదులుతుంది. వీధులలో నీళ్ళు పోసే ట్యాంకరు లారీలో 12 వేల లీటర్లు పడతాయనుకొంటే, రెండు వందలకు పైగా లారీల నీరు ఒక్క సెకనులో ఆనకట్టను దాటిపోయిందన్నమాట. అంత నీటికి ఎదురు నిలిచే మనిషి లేడు; పడవ లేదు.

ఈ నీరంతా ఎక్కడి నుండి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే వరద హెచ్చరిక అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

పాలారు కర్ణాటకలోని నంది కొండలలో పుట్టింది. దీనికి క్షీరనది అని కూడా పేరు. ఇది కోలారు ప్రాంతం మీదుగా వచ్చి, ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ప్రాంతాన్ని తాకి, తమిళనాడులో ప్రవేశిస్తుంది. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, ఆర్కాడు, కాంచీపురం ప్రాంతాలను దాటి వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీని పొడవు సుమారు 348 కిలోమీటర్లు. అందులో 93 కిలోమీటర్లు కర్ణాటకలోను, 33 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోను, 222 కిలోమీటర్లు తమిళనాడులోను ఉన్నాయి. కౌండిన్య నది చిత్తూరు జిల్లాలోని పలమనేరు వైపు కొండలలో పుట్టి, మోర్ధానా జలాశయం మీదుగా గుడియాత్తానికి వచ్చి, ఆ తరువాత పాలారులో కలుస్తుంది. పొన్నై నది కూడా చిత్తూరు జిల్లా నుండి వచ్చి పాలారులో చేరుతుంది.

కాబట్టి గుడియాత్తంలో ఒక్క చినుకు పడకపోయినా పలమనేరు అడవులలో పడ్డ వాన కొన్ని గంటలలో గుడియాత్తం వీధుల పక్కకు వస్తుంది. వేలూరులో ఎండ కాస్తున్నా కోలారులో కురిసిన వాన పాలారులో పారవచ్చు. ఆకాశం చూసి నదిని అంచనా వేయరాదు. నది తెచ్చేది మన ఊరి వానను కాదు. ఎగువ ఊళ్ళ వానను.

ఈ సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1903 నవంబరులో పాలారు ఎగువన మైసూరు సంస్థానంలోని పెద్ద చెరువులు నిండి తెగాయి. కోలారు ప్రాంతంలోని బేతమంగళం చెరువు వాటిలో ఒకటి. ఆ నీరంతా ఒక్కసారిగా దిగువకు వచ్చి వాణియంబాడి పట్టణాన్ని ముంచింది. ఎంతో మంది ప్రాణాలు కోల్పోయారు. చెరువు తెగినది ఒక సంస్థానంలో. ప్రాణాలు పోయినది వేరొక రాజ్యంలో. నీటికి ఎల్లలు లేవు.

నూటపద్దెనిమిది సంవత్సరాల తరువాత ఇటువంటిదే మరొక నది మీద జరిగింది. 2021 నవంబరు 19న పాలారులో నీరు పెరుగుతున్న వేళ, ఉత్తరాన కడప జిల్లాలో చెయ్యేరు నదికి వరద వచ్చింది. ముందు ఎగువనున్న పింఛా జలాశయం కట్ట తెగింది. ఆ నీరు దిగువనున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది. తెల్లవారేటప్పటికి ఆ కట్ట కూడా తెగింది. రాజంపేట ప్రాంతంలోని పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాల మీదికి నీరు ఒక్కసారిగా వచ్చింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. ఒక కట్ట తెగడానికీ, నీరు ఊరికి చేరడానికీ మధ్యనున్న సమయం చాలా విలువైనది. ఆ సమయంలో కబురు చేరితే మనుషులు మిట్టకు చేరుతారు. చేరకపోతే నీరే కబురవుతుంది.

అదే రోజులలో గుడియాత్తంలో మోర్ధానా జలాశయం నిండి పొర్లింది. జలాశయం నిండిన తరువాత పైనుండి వచ్చే ప్రతి చుక్కా కౌండిన్యలోకే దిగుతుంది. నది ఒడ్డునున్న ఇళ్ళలోకి నీరు వచ్చింది. అక్కడివారిని సురక్షిత స్థలాలకు తరలించారు. చిత్తూరు జిల్లాలోని కలవగుంట జలాశయం నుండి వచ్చిన నీటితో పొన్నై కూడా పొంగింది. ఆ సంవత్సరం డిసెంబరులో తిరువలం దగ్గర పొన్నై మీది రైలు వంతెనలో లోపం బయటపడి, చెన్నై వైపు పోయే అనేక రైళ్ళను కొన్ని రోజులు ఆపవలసి వచ్చింది.

ఇక పడవల సంగతి. పాలారులో పడవ ప్రయాణాలు లేకపోవచ్చు. కాని ఈ ప్రాంతంవారు పడవ ఎక్కే సందర్భాలు తక్కువేమీ కాదు. సెలవులలో ఏలగిరి కొండ మీది పుంగనూరు చెరువులో పడవ ఎక్కుతారు. ధర్మపురి జిల్లాలోని హొగెనకల్‌కు వెళ్ళి పుట్టి ఎక్కుతారు. బంధువుల ఊళ్ళకు వెళ్ళినప్పుడు గోదావరి మీద పాపికొండల యాత్ర చేస్తారు. అనుకోకుండా పడవ ఎక్కవలసిన సందర్భం మరొకటి ఉంది. వరద చుట్టుముట్టినప్పుడు రక్షించడానికి వచ్చే రబ్బరు పడవ అది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం నాలుగవ పటాలం రాణిపేట జిల్లాలోని అరక్కోణంలోనే ఉంది.

హొగెనకల్‌లో వరద హెచ్చరిక ఎట్లా పనిచేస్తుందో చక్కగా చూడవచ్చు. కన్నడంలో హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. కావేరి అక్కడ రాళ్ళ మీదినుండి దూకినప్పుడు తుంపరలు పొగలాగా లేస్తాయి. అందువల్ల ఆ పేరు వచ్చింది. అక్కడ వెదురుతో గంపలాగా అల్లి, నీరు దిగకుండా అడుగున పొర వేసిన గుండ్రని పడవలు నడుపుతారు. తెలుగువారు వాటిని పుట్టి అంటారు. తమిళంలో పరిసల్ అంటారు. పుట్టికి ముందు వెనుకలు లేవు. నడిపేవారు ఒకే తెడ్డుతో దానిని రాళ్ళ మధ్యగా తీసుకుపోతారు. నీరు మామూలుగా ఉన్నంతవరకు ఆ నేర్పు చాలు. నీరు పెరిగితే ఏ నేర్పూ చాలదు.

హొగెనకల్‌కు పైన, కర్ణాటక సరిహద్దులో బిలిగుండ్లు అనే చోట కేంద్ర జల సంఘం నీటి కొలత కేంద్రం ఉంది. కర్ణాటకలోని కృష్ణరాజసాగరం నుండి, కబిని జలాశయం నుండి వదిలిన నీరు అక్కడ కొలతకు వస్తుంది. ప్రవాహం పెరుగుతున్నదని తెలియగానే ధర్మపురి జిల్లా అధికారులు పుట్టిలు నడపడాన్ని, స్నానాలు చేయడాన్ని నిషేధిస్తారు. ఆ రోజు హొగెనకల్‌లో ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. వందల కిలోమీటర్ల దూరం నుండి వచ్చిన యాత్రికులకు ఆ నిషేధం అర్థం లేనిదిగా తోచవచ్చు. నిజానికి ఆ నిషేధం అప్పటి ఆకాశాన్ని చూసి చేసినది కాదు. దారిలో ఉన్న నీటిని లెక్కించి చేసినది.

వరద నీటిలో పడవ ఎందుకు నిలవదు? దీనికి కొన్ని కారణాలున్నాయి. నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలవుతుంది. అందుకే మామూలు రోజున సులభంగా తిప్పగలిగిన పడవ వరదలో మాట వినదు. ఒడ్డున మోకాటిలోతు నీరే అయినా, వడిగా పారేటప్పుడు పెద్దవారిని కూడా పడదోయగలదు. రెండవది, నది వంకర తిరిగే చోట, కొండల నడుమ ఇరుకైన చోట నీరు సుడులు తిరుగుతుంది. మూడవది, వరద ఒంటరిగా రాదు. చెట్లను, కంపలను, పశువులను వెంట తెస్తుంది. వేగంగా వచ్చే చెట్టుమాను తగిలితే పడవ బోర్లా పడుతుంది. నాలుగవది, ఆనకట్ట మీదినుండి పడే నీరు కింద గిరగిర తిరుగుతూ పడినదానిని లోపలికే లాగుతుంది. పైకి చూడడానికి అది చిన్న ప్రవాహంలాగే ఉంటుంది. అందులో పడ్డ ఈతగాడు కూడా బయటికి రావడం కష్టం.

2019 సెప్టెంబరు 15న జరిగిన కచ్చులూరు ప్రమాదం దీనికి ఉదాహరణ. కచ్చులూరు అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో దేవీపట్నం దగ్గర, గోదావరి ఒడ్డున ఉన్న గిరిజన గ్రామం. గండిపోచమ్మ గుడి దగ్గర బయలుదేరిన యాత్రికుల పడవ ఒకటి పాపికొండల వైపు పోతున్నది. ఆనాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతున్నది. కచ్చులూరు దగ్గర నది కొండల మధ్య ఇరుకుగా, వడిగా, సుడులతో ఉంటుంది. అక్కడ పడవ తిరగబడి మునిగిపోయింది. ఆ పడవలో 77 మంది ఉన్నారు. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఒడ్డునున్న కచ్చులూరు వాసులు తమ నాటుపడవలు వేసుకొని వెళ్ళి వారిని కాపాడారు. మునిగిన పడవను పైకి తీయడానికి నెల రోజులకు పైగా పట్టింది. అక్టోబరు 22న అది బయటికి వచ్చింది.

ఆ నాడు నదిలో ఎంత నీరు పారుతున్నదో కొలతలు చెబుతూనే ఉన్నాయి. కొలత ఉండడం వేరు; ఆ కొలతను బట్టి పడవను రేవులోనే ఆపడం వేరు. ఈ ప్రమాదం తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోదావరి, కృష్ణా నదులలో పడవలు బయలుదేరే ముఖ్యమైన చోట్ల నియంత్రణ గదులు ఏర్పాటు చేయడానికి పూనుకొన్నది. నదిలో వరద ఎంత ఉందో చూసి, పడవ వెళ్ళవచ్చునో లేదో చెప్పడం వాటి పని. ఎక్కినవారి పేర్లు రాసుకోవడం, అందరికీ ప్రాణరక్షక కవచాలు ఉన్నాయో లేదో చూడడం కూడా ఆ పనిలో భాగమే. రేవులో ఒక మనిషి 'ఈరోజు వద్దు' అని చెప్పగలగాలి. ఆ మాటను పడవవారు వినాలి. అప్పుడే కొలతకు విలువ.

గోదావరి వంటి పెద్ద నదికి హెచ్చరికలను అంకెలలో చెబుతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవ హెచ్చరిక, 53 అడుగులకు మూడవ హెచ్చరిక జారీ చేస్తారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటిది, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు దాకా వచ్చింది. గోదావరి తీరంలోని చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు నోటికి వస్తాయి. 'మొదటి హెచ్చరిక' అన్న మాట వినగానే అక్కడివారు ధాన్యాన్ని అటకెక్కిస్తారు. పశువులను మిట్టకు తోలుకుపోతారు. పడవలను ఒడ్డున కట్టేస్తారు.

పెద్ద నదికీ చిన్న నదికీ ఇక్కడ ఒక భేదం ఉంది. గోదావరి వరద ఎగువ నుండి దిగువకు రావడానికి రోజులు పడుతుంది. హెచ్చరికలు ఒకదాని తరువాత ఒకటిగా ఇవ్వడానికి వ్యవధి ఉంటుంది. కౌండిన్య వంటి కొండవాగులో ఆ వ్యవధి గంటలే. ఏటవాలు కొండల మీద పడ్డ వాన నిలవకుండా జారివస్తుంది. రాత్రి పడుకొనేటప్పుడు ఇసుకగా ఉన్న నది తెల్లవారేసరికి నిండుగా ఉండవచ్చు. కాబట్టి చిన్న నది ఒడ్డున ఉన్నవారు పెద్ద నది ఒడ్డున ఉన్నవారికన్నా ఎక్కువ జాగరూకతతో ఉండాలి. నది చిన్నదైనకొద్దీ కబురు త్వరగా రావాలి.

ఆ కబురు ఎట్లా పుడుతుంది, ఎట్లా ప్రయాణం చేస్తుంది? ముందుగా భారత వాతావరణ శాఖ ఉపగ్రహాల ద్వారా, రాడార్ల ద్వారా మేఘాలను గమనించి వాన అంచనాలు వేస్తుంది. ఏ జిల్లాలో ఎంత వాన పడవచ్చునో రంగులలో చెబుతుంది. ఆకుపచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. నదుల సంగతి చూసేది కేంద్ర జల సంఘం. అది 1958లో ఢిల్లీలో యమునా నదిమీద వరద అంచనాలను ప్రారంభించింది. తరువాత దేశంలోని పెద్ద నదులన్నింటికీ ఆ పని విస్తరించింది. జలాశయాల నీటిమట్టాన్ని రాష్ట్ర నీటి వనరుల శాఖ ఉద్యోగులు కొలుస్తారు. జలాశయం నిండబోతున్నదని తెలిస్తే వారు జిల్లా కలెక్టరు కార్యాలయానికి చెబుతారు. అక్కడి నుండి తహసీలుదారుకు, గ్రామ పరిపాలన అధికారికి, పోలీసులకు, పురపాలక సంఘానికి కబురు పోతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. రంగుల హెచ్చరిక జిల్లాకు సంబంధించినది. నదికి సంబంధించినది కాదు. వేలూరు జిల్లాకు పసుపు రంగు ఉండి, చిత్తూరు జిల్లాకు ఎరుపు రంగు ఉన్నదనుకొందాం. గుడియాత్తంవారు ఏ రంగు చూడాలి? రెండూ చూడాలి. కౌండిన్య ఎగువ భాగం చిత్తూరు జిల్లాలో ఉంది కాబట్టి అక్కడి ఎరుపు రంగు గుడియాత్తానికి కూడా హెచ్చరికే. పాలారు ఒడ్డున ఉన్నవారు కోలారు వైపు వాన సంగతి కూడా తెలుసుకోవాలి. తమ ఊరికి నీరు ఎక్కడి నుండి వస్తుందో తెలిసినవారే హెచ్చరికను సరిగా చదవగలుగుతారు.

పూర్వం ఈ కబుర్లను చాటింపు వేసి చెప్పేవారు. ఊరి వీధులలో డప్పు కొట్టి ప్రకటించేవారు. ఆ పనిని తరతరాలుగా కొన్ని కులాలవారి చేతనే చేయించడం వారి గౌరవానికి భంగమని భావించి, తమిళనాడు ప్రభుత్వం 2022లో దండోరా పద్ధతిని విడిచిపెట్టవలసిందిగా ఆదేశించింది. దాని బదులు వాహనాలకు మైకులు కట్టి చెబుతారు. గుడులలో, మసీదులలో, చర్చీలలో ఉన్న మైకులు కూడా ఆపదలో ఉపయోగపడతాయి. రేడియోలో, టెలివిజన్‌లో వార్తలు వస్తాయి. ఇప్పుడు సెల్‌ఫోన్లు కూడా హెచ్చరికలను తెస్తున్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి 'సచేత్' ఏర్పాటు ద్వారా ఆపద ఉన్న ప్రాంతంలోని ఫోన్లకు ప్రాంతీయ భాషలలో సందేశాలు పంపుతారు. తమిళనాడులో జిల్లా విపత్తు నియంత్రణ గదిని 1077 అనే సంఖ్యకు, రాష్ట్ర నియంత్రణ గదిని 1070 అనే సంఖ్యకు ఫోను చేసి అడగవచ్చు. ప్రాణాపాయంలో ఉన్నప్పుడు 112కు చేయాలి.

అయితే ఈ సాధనాలన్నింటికీ ఒక బలహీనత ఉంది. అవి ఎక్కువగా అవసరమైనప్పుడే పనిచేయడం మానవచ్చు. గాలివానలో కరెంటు పోతుంది. కొంతసేపటికి ఫోను స్తంభాలు కూడా ఆగిపోతాయి. కొండల నడుమ నదిలో పోయే పడవలో ఫోనుకు సంకేతాలు అందకపోవచ్చు. నీటిలో పడిన ఫోను పనికిరాదు. అందుకే అనుభవం ఉన్న పడవవారు ఒక్క సాధనాన్నే నమ్ముకోరు. బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో ఇంట్లో ఉంటే కరెంటు లేనప్పుడు వార్తలు వినవచ్చు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్ దీవులలో ఫోన్లు మూగబోయాయి. అప్పుడు అక్కడ ఉన్న అమెచ్యూర్ రేడియో బృందంవారు తమ యంత్రాలతో బయటి ప్రపంచానికి కబుర్లు పంపారు.

నీటి మీద ప్రయాణం చేసేవారు ఒడ్డుతో సంబంధం తెంచుకోరాదు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. బయలుదేరే ముందు వాతావరణ సూచన, ఎగువ జలాశయాల సంగతి తెలుసుకోవాలి. ఎక్కడికి పోతున్నారో, ఎందరు పోతున్నారో, ఏ వేళకు తిరిగి వస్తారో ఒడ్డున ఉన్న ఒక మనిషికి చెప్పాలి. ఆ వేళకు రాకపోతే ఎవరికి తెలియజేయాలో కూడా చెప్పాలి. ఫోనును పూర్తిగా ఛార్జి చేసి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోవాలి. ఒక ఈల దగ్గర ఉంచుకోవాలి. నీటి హోరులో మనిషి గొంతు వినిపించదు. ఈల శబ్దం వినిపిస్తుంది. ప్రాణరక్షక కవచాన్ని పడవలో ఒక మూల పడవేయడం కాదు, ఒంటికి కట్టుకోవాలి. పడవ తిరగబడిన తరువాత దానిని వెతికి కట్టుకొనే వ్యవధి ఉండదు. మంచి ఈతగాడు కూడా వరద వేగానికి ఎదురు ఈదలేడు. పడవలో పట్టగలిగిన దానికన్నా ఎక్కువ మంది ఎక్కరాదు. రేవులో వద్దన్నప్పుడు డబ్బు ఎక్కువ ఇచ్చి పడవను బయలుదేరదీయడం వీరత్వం కాదు.

కబురు అందనప్పుడు నది స్వయంగా కొన్ని గుర్తులు చూపుతుంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురదరంగుకు మారితే ఎగువన వాన పడిందని తెలుసుకోవాలి. నురుగు, ఆకులు, ఎండుకొమ్మలు తేలుతూ రావడం మొదలైతే నీరు ఒడ్డులను ఒరసుకొని వస్తున్నదని అర్థం. ఎగువ నుండి హోరు వినిపిస్తే ఆగి చూడరాదు, వెంటనే ఒడ్డెక్కాలి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి ఉంచితే నీరు పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. ఈ గుర్తులు పడవలో ఉన్నవారికే కాదు, ఎండిన నదిలో ఇసుక మీద నడిచేవారికి, పశువులను మేపేవారికి, ఆడుకొనే పిల్లలకు కూడా పనికివస్తాయి.

పాలారు, కౌండిన్యల మీద నేలమట్టంగా వేసిన వంతెనలు ఉన్నాయి. తమిళంలో వాటిని తరైపాలం అంటారు. నీరు వాటి మీదుగా పారుతున్నప్పుడు దాటే ప్రయత్నం చేయరాదు. పైకి అడుగు లోతుగా కనిపించే నీటి కింద వంతెన కొట్టుకుపోయి ఉండవచ్చు. రెండడుగుల లోతు వడిగల నీటిలో మోటారుకారు కూడా తేలి కొట్టుకుపోతుంది. ఒక గంట ఆలస్యంగా ఇంటికి చేరడం వల్ల ఎవరికీ నష్టం లేదు. నీరు చూడడానికి వంతెనల మీద, ఒడ్డుల మీద గుమికూడడం కూడా మంచిది కాదు. వరదకు కోసుకుపోయిన ఒడ్డు ఎప్పుడు విరిగిపడుతుందో చెప్పలేము.

హెచ్చరికకు శత్రువు నిశ్శబ్దం ఒక్కటే కాదు. వదంతి కూడా శత్రువే. 'కట్ట తెగింది' అని ఎవరో పుట్టించిన మాట ఫోన్ల ద్వారా నిమిషాలలో వేలాది మందికి చేరుతుంది. జనం భయంతో పరుగులు తీస్తారు. తీరా అది అబద్ధమని తేలితే, మరుసటిసారి నిజమైన హెచ్చరికను కూడా నమ్మరు. అందువల్ల ఒక కబురును ఇతరులకు చెప్పే ముందు, అది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ ఊరి గురించి చెప్పారు అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. జవాబు దొరకకపోతే నియంత్రణ గదికి ఫోను చేసి కనుక్కోవాలి.

కబురు అందరికీ ఒకేలాగా చేరదు. ఫోను లేని ముసలివారు ఉంటారు. వినికిడి లేనివారు ఉంటారు. చదువు రానివారు ఉంటారు. పనికోసం వేరే రాష్ట్రం నుండి వచ్చి, నది ఒడ్డున గుడిసె వేసుకొన్నవారు ఉంటారు. మైకులో చెప్పిన మాట వారికి అర్థం కాకపోవచ్చు. కలెక్టరు కార్యాలయం నుండి వీధి దాకా వచ్చిన హెచ్చరిక వీధి నుండి గుమ్మం దాకా రావడానికి ఇరుగుపొరుగువారే దిక్కు.

ఈ ప్రాంతపు నదులు మూడు భాషల నడుమ పారుతున్నాయి. పాలారు ఎగువన వార్తలు కన్నడంలో పుడతాయి. కౌండిన్య, పొన్నై నదుల ఎగువ వార్తలు తెలుగులో పుడతాయి. చిత్తూరు జిల్లా రేడియో, టెలివిజన్, పత్రికలలో పలమనేరు వాన సంగతి తెలుగులోనే వస్తుంది. దిగువన ఇచ్చే హెచ్చరికలు తమిళంలో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, వీధిలో తమిళం మాట్లాడే వేలూరు, గుడియాత్తం పిల్లలకు ఈ రెండు వైపుల మాటలూ తెలుసు. పలమనేరులోనో, కుప్పంలోనో బంధువులున్నవారు ఒక ఫోనుతో అక్కడి వాన సంగతి తెలుసుకోగలరు. ఆ సంగతిని పక్కింటి తమిళ అవ్వకు ఆమె భాషలోనే చెప్పగలరు. తమిళంలో వచ్చిన ప్రకటనను తమ ఇంటి తాతకు తెలుగులో వివరించగలరు.

ఎగువ ఊళ్ళ నుండి దిగువ ఊళ్ళకు నీరు రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మాట రావడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషాన్ని వాడుకోవడమే వరద హెచ్చరిక.